హెచ్.జి. వెల్స్: కాలయంత్రానికి ఊపిరి పోసిన నవలాకారుడు

హెర్బర్ట్ జార్జ్ వెల్స్ (1866 సెప్టెంబర్ 21 – 1946 ఆగస్టు 13) ఇంగ్లీషు నవలాకారుడు, కథకుడు, చరిత్ర గ్రంథకర్త. కాలంలో ప్రయాణించే యంత్రం, కంటికి కనిపించని మనిషి, అంగారక గ్రహం నుంచి భూమి మీదికి దండెత్తి వచ్చిన జీవులు – ఇవాళ బడిపిల్లలకు సైతం తెలిసిన ఈ ఊహలు సాహిత్యంలో నిలదొక్కుకున్నది ఆయన నవలలతోనే. ఆయనకు ముందే, 1818లో, మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ రాసింది. ఫ్రాన్సులో జూల్ వెర్న్ అప్పటికే పేరుమోసిన రచయిత. వారిద్దరి తరవాత సైన్స్ ఫిక్షన్‌కు పునాది వేసినవారిగా చెప్పుకునే పేరు వెల్స్‌దే. ఆయన మొదటి నవలలు వచ్చేనాటికి ఆ మాట ఇంకా వాడుకలోకి రాలేదు. ఈ తరహా పుస్తకాలను అప్పట్లో శాస్త్రీయ అద్భుత గాథలు అనేవారు.

యాభై ఏళ్ల రచనా జీవితంలో ఆయన వందకు పైగా పుస్తకాలు రాశాడు. జనం ఇప్పటికీ వెతుక్కుని చదివేది మాత్రం 1895కూ 1901కీ మధ్య వచ్చిన ఐదారు చిన్న నవలలనే. ఆ రోజుల్లో వెల్స్ మనిషి భవిష్యత్తు గురించి సందేహిస్తూ రాశాడు. తరవాత నలభై ఏళ్లూ లోకానికి దారి చూపాలని రాశాడు. సందేహంతో రాసినవి బతికాయి. అందుకే ఈ వ్యాసంలో ఆ ఆరేళ్లకు ఎక్కువ చోటు దక్కింది.

నేలమాళిగ, దివాణం, బట్టల కొట్టు

వెల్స్ పుట్టింది ఇప్పుడు లండన్‌లో భాగమైన బ్రోమ్లీలో. అప్పటికది కెంట్ కౌంటీలోని చిన్న పట్నం. తండ్రి జోసెఫ్ తోటమాలిగా పనిచేసినవాడు. తల్లి సారా నీల్ సస్సెక్స్‌లోని అప్‌పార్క్ అనే దొరల దివాణంలో దొరసానికి పరిచారిక. పెళ్లయ్యాక ఇద్దరూ పింగాణీ సామాన్ల కొట్టు పెట్టుకున్నారు. బేరాలు అంతంతమాత్రం. జోసెఫ్ మంచి క్రికెట్ బౌలర్ కాబట్టి అదే కొట్టులో బ్యాట్లూ బంతులూ కూడా అమ్మేవాడు. ఆటగాడిగా వచ్చే డబ్బు ఇంటికి ఆసరాగా ఉండేది. 1862లో కెంట్ తరఫున ఆడుతూ సస్సెక్స్ జట్టుపై వరసగా నాలుగు బంతుల్లో నాలుగు వికెట్లు తీశాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో ఆ ఘనత సాధించిన మొదటి బౌలర్ ఆయనే.

ఇంట్లో బెర్టీ అని పిలిచే ఈ చివరి కొడుకు బాల్యం చాలావరకు కొట్టు కిందనున్న వంటగదిలో గడిచింది. నేలమట్టానికి దిగువన ఉన్న ఆ గదిలోంచి చూస్తే వీధిలో నడిచేవాళ్ల బూట్లు మాత్రమే కనిపించేవి. 1907లో రాసిన ఒక రాజకీయ కరపత్రంలో ఆయన ఆ దృశ్యాన్నే తలచుకుని, ఎవరి బూట్లు ఎంత అరిగాయో చూస్తే దేశంలో పేదరికం తెలిసిపోతుందని వాదించాడు. నేల కింద బతికేవాళ్లు, నేల మీద బతికేవాళ్లు అన్న విభజన ఆయనకు పుస్తకాల్లో దొరికింది కాదు.

1874లో కాలు విరిగి కొన్ని వారాలు మంచం పట్టినప్పుడు తండ్రి గ్రంథాలయం నుంచి తెచ్చిచ్చిన పుస్తకాలతో చదువు పిచ్చి పట్టుకుంది. మూడేళ్ల తరవాత తండ్రి తొడ ఎముక విరగడంతో క్రికెట్ ఆదాయం పోయింది. 1880లో తల్లి అప్‌పార్క్ దివాణానికే ఇంటి పెత్తనం చూసే ఉద్యోగినిగా వెళ్లిపోయింది. భర్త బ్రోమ్లీలోనే ఉండిపోయాడు. కొడుకులను బట్టల కొట్లలో పని నేర్చుకోవడానికి పెట్టారు. పద్నాలుగేళ్లయినా నిండకుండానే బెర్టీ విండ్సర్‌లోని కొట్టులో చేరి, పనికిరాడని తేలి కొద్దికాలానికే బయటికి వచ్చాడు. 1881లో సౌత్‌సీలోని మరో కొట్టులో చేర్చారు. రోజుకు పదమూడు గంటల చాకిరీ, రాత్రి మిగతా కుర్రాళ్లతో కలిసి ఒకే గదిలో పడక. రెండేళ్లు గడిచాక ఒక ఆదివారం తెల్లవారకముందే లేచి, తిండి లేకుండా 17 మైళ్లు నడిచి అప్‌పార్క్ చేరాడు. ఆ కొట్టుకు తిరిగి వెళ్లడం కంటే చావడం మేలని తల్లితో తేల్చి చెప్పాడు. ‘కిప్స్’ (1905), ‘మిస్టర్ పాలీ చరిత్ర’ (1910) నవలల్లో గుమాస్తా కుర్రాళ్ల బతుకు అంత ఆర్ద్రంగా ఉండటానికి కారణం ఈ రెండేళ్లే.

అప్‌పార్క్ ఆయనకు రెండు విధాల ఉపయోగపడింది. దొరల గ్రంథాలయంలో ప్లేటో, థామస్ పెయిన్, స్విఫ్ట్ రచనలు దొరికాయి. అటక మీద మూలపడి ఉన్న టెలిస్కోపును బిగించుకుని చంద్రుణ్ణి చూశాడు. ఇక రెండోది ఆ ఇంటి నిర్మాణం. వంటశాల నుంచి, గుర్రాల శాల నుంచి ప్రధాన భవనానికి భూమిలో సొరంగాలున్నాయి. నౌకర్లు దొరల కంటపడకుండా వాటిలోంచి రాకపోకలు సాగించేవారు. నేల కింద నౌకర్ల లోకం, పైన పచ్చిక మీద విహరించే దొరలు – పన్నెండేళ్ల తరవాత రాసిన మొదటి నవలకు కావలసిన భూగోళమంతా అక్కడే ఉంది.

హక్స్లీ తరగతి గది

మిడ్‌హర్స్ట్ గ్రామర్ స్కూల్ ప్రధానోపాధ్యాయుడు హొరేస్ బయట్ అంతకుముందే ఈ కుర్రాడికి కొన్నాళ్లు లాటిన్ చెప్పి, వాడి చురుకుదనం గమనించాడు. 1883లో వెల్స్‌ను తన బడిలో చదువుకుంటూ చదువు చెప్పే సహాయకుడిగా తీసుకున్నాడు. విజ్ఞాన శాస్త్ర పరీక్షల్లో ఎందరు పాసైతే అంత లెక్కన ప్రభుత్వం బడికి డబ్బిచ్చే కాలమది. వెల్స్ రాత్రుళ్లు తనంతట తాను చదువుకుని వరసగా పరీక్షలు పాసయ్యాడు. దాని ఫలితం 1884లో అందింది. లండన్ సౌత్ కెన్సింగ్టన్‌లోని నార్మల్ స్కూల్ ఆఫ్ సైన్స్‌లో సీటు, వారానికి ఒక గినీ, అంటే 21 షిల్లింగుల ఉపకారవేతనం. కడుపునిండా తినడానికి ఆ డబ్బు చాలేది కాదు.

మొదటి ఏడాది జీవశాస్త్రం చెప్పింది థామస్ హెన్రీ హక్స్లీ. డార్విన్ పక్షాన నిలబడి ఇంగ్లండంతటా వాదించిన మనిషి. వెల్స్ మీద ఆ ఒక్క ఏడాది వేసిన ముద్ర జన్మంతా చెరగలేదు. పరిణామం అంటే పైకి ఎక్కడమే అని అప్పటి చదువుకున్న ఇంగ్లీషువాళ్లు చాలామంది నమ్మేవారు. హక్స్లీ బోధన వేరు. జీవులు పరిస్థితికి తగ్గట్టు మారతాయి, అంతే. పరిస్థితి దిగజారితే జీవి కూడా దిగజారుతుంది, ఆఖరికి అంతరించిపోతుంది. మనిషికి ఈ నియమం నుంచి మినహాయింపు లేదు. ‘టైమ్ మెషిన్’ నుంచి ‘చంద్రుడిలో తొలి మనుషులు’ దాకా ప్రతి నవలలోనూ ఈ పాఠమే పనిచేసింది.

హక్స్లీ తరవాత వచ్చిన అధ్యాపకులు వెల్స్‌ను ఆకట్టుకోలేదు. మనసు చర్చావేదికల మీదికి, సోషలిజం మీదికి, తాను మొదలుపెట్టిన విద్యార్థి పత్రిక మీదికి మళ్లింది. 1887లో భూగర్భశాస్త్రంలో తప్పి పట్టా లేకుండా బయటికొచ్చాడు. ఆ పత్రికలోనే 1888లో కాలప్రయాణం మీద అసంపూర్తి కథ ఒకటి అచ్చయింది. తరవాత దాన్ని చూసి ఆయనే సిగ్గుపడ్డాడు. అయినా కాలయంత్రపు తొలి నమూనా అదే.

ఈలోగా బతుకుతెరువు బడిపంతులు పని. వేల్స్ ప్రాంతంలోని హోల్ట్‌లో ఫుట్‌బాల్ ఆటలో ఒక కుర్రాడి దెబ్బకు మూత్రపిండం నలిగింది, ఊపిరితిత్తుల నుంచి రక్తం పడింది. క్షయ అన్నారు. కోలుకుని లండన్ కిల్‌బర్న్‌లోని హెన్లీ హౌస్ స్కూల్లో చేరాడు. ఆ బడి నడిపిన పెద్దమనిషి కొడుకు, అక్కడే చదివిన పిల్లవాడు ఎ.ఎ. మిల్న్, ‘విన్నీ ది పూ’ కథల రచయిత. 1890లో లండన్ విశ్వవిద్యాలయం నుంచి ప్రైవేటుగా బీఎస్సీ పూర్తిచేశాడు. 1893లో అచ్చయిన మొదటి పుస్తకాల్లో ఒకటి జీవశాస్త్ర పాఠ్యపుస్తకం. అదే ఏడాది మళ్లీ రక్తం పడటంతో పంతులు పని మానేయక తప్పలేదు. మంచం మీద ఉండగా జె.ఎం. బారీ నవల ఒకటి చదివాడు. పత్రికలకు పనికొచ్చేవి పెద్ద పెద్ద విషయాలు కావని, రోజూ చేతికి తగిలే చిన్న వస్తువుల మీద రాస్తే చాలని ఆ పుస్తకం నేర్పింది. అక్కడి నుంచి ఆయన వ్యాసాలు అమ్ముడుపోవడం మొదలైంది.

1891లో పెళ్లాడిన ఇసబెల్‌ను, తన తండ్రి అన్నదమ్ముల్లో ఒకరి కూతురిని, 1894లో విడిచిపెట్టి, తన విద్యార్థిని ఏమీ క్యాథరీన్ రాబిన్స్‌తో కాపురం పెట్టాడు. 1895లో ఆమెను పెళ్లి చేసుకున్నాడు. ఆమెను ఆయన జేన్ అని పిలిచేవాడు. రచనల శుభ్రప్రతులు, లెక్కలు, అతిథులు అన్నీ ఆమె చూసుకుంది.

ఆరేళ్ల వెలుగు

‘టైమ్ మెషిన్’ 1895లో డబ్ల్యూ.ఇ. హెన్లీ నడిపే ‘న్యూ రివ్యూ’ పత్రికలో ధారావాహికగా వచ్చి, అదే ఏడాది పుస్తకమైంది. పత్రిక ఇచ్చిన పారితోషికం 100 పౌండ్లు. కథలో ప్రయాణికుడికి పేరు లేదు. క్రీ.శ. 8,02,701కి వెళ్లి చూస్తే మనిషి జాతి రెండుగా చీలిపోయి ఉంటుంది. పైన పూలు, పళ్లు, ఆటపాటలతో పొద్దుపుచ్చే అందమైన బలహీనులు ఎలాయ్. నేల కింద చీకట్లో యంత్రాలు నడిపే మోర్లాక్‌లు. మొదట ప్రయాణికుడు ఎలాయ్‌లే యజమానులనుకుంటాడు. తరవాత తెలుస్తుంది, మోర్లాక్‌లు వాళ్లను మేపుతున్నది తినడానికేనని. శ్రమ చేసేవాళ్లను నేల కిందికి నెట్టిన సమాజం తన మనవల మనవలకు ఏం మిగిల్చిందో వెల్స్ ఉపన్యాసం లేకుండా చూపించాడు. ఆ తరవాత ప్రయాణికుడు ఇంకా ముందుకు, మూడు కోట్ల ఏళ్ల అవతలికి వెళతాడు. ఎర్రగా ఉబ్బి చల్లారుతున్న సూర్యుడు, కదలని సముద్రం, ఒడ్డున జీవమున్నదో లేదో తెలియని ఏదో ముద్ద. మనిషి ఊసే లేదు. విజ్ఞాన శాస్త్రం చెప్పిన అంత్యకాలాన్ని అంత కొద్ది పేజీల్లో, అంత నిశ్శబ్దంగా చూపిన వచనం ఇంగ్లీషులో అంతకుముందు లేదనే చెప్పాలి. కాలాన్ని నాలుగో పరిమాణంగా వివరించే తొలి అధ్యాయం ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం కంటే పదేళ్లు ముందు వచ్చింది.

పుస్తకం వచ్చిన ఏడాదే దంపతులు లండన్‌కు నైరుతిన ఉన్న వోకింగ్‌కు మారారు. అప్పుడే కొత్తగా జనాన్ని ఊపేస్తున్న సైకిల్ వెల్స్‌కూ అబ్బింది. వోకింగ్ చుట్టుపక్కల సైకిల్ తొక్కుతూ, రాబోయే నవలలో అంగారకులు ఏ ఇల్లు కూల్చాలో, ఏ వీధి తగలబెట్టాలో గుర్తులు పెట్టుకున్నాడు. అంగారకుల తొలి సిలిండర్ పడిన హార్సెల్ మైదానం ఆ ఊరి పక్కన ఈనాటికీ ఉంది.

‘డాక్టర్ మోరో దీవి’ (1896) వీటన్నిటిలో చేదైనది. జంతువులను కత్తితో కోసి, కుట్టి, మనుషులుగా మలిచే వైద్యుడి కథ. బతికున్న జంతువుల మీద ప్రయోగాల గురించి ఇంగ్లండులో తీవ్రంగా వాదనలు సాగుతున్న రోజులవి. సమీక్షకులు అసహ్యించుకున్నారు. కానీ ఆ దీవిలో మృగమానవులు తమ ‘చట్టాన్ని’ వల్లెవేసే ఘట్టం చదివాక, నాగరికత అంటే భయంతో బట్టీపట్టిన నియమాలేనా అన్న శంక పాఠకుణ్ణి వదలదు.

‘అదృశ్య మానవుడు’ (1897) తేలికైన నవలలా మొదలై భయానకంగా ముగుస్తుంది. దీని వెనకనున్న భౌతికశాస్త్రం చూడదగ్గది. గాజు ముక్కను పొడి చేస్తే తెల్లగా కనిపిస్తుంది. ఆ పొడిని నీళ్లలో వేస్తే దాదాపు మాయమవుతుంది, ఎందుకంటే వెలుగును వంచే గుణం రెంటిలోనూ దగ్గరదగ్గరగా ఉంటుంది. మనిషి శరీరానికి గాలితో సమానమైన వక్రీభవన గుణం వచ్చేలా చేస్తే అతడూ కనిపించడు. కథానాయకుడు గ్రిఫిన్ పుట్టుకతో వర్ణహీనుడు కాబట్టి పని సులువైంది. అయితే వెలుగు కంటి వెనక పొర మీద ఆగకపోతే చూపే ఉండదు, అదృశ్యుడు గుడ్డివాడై తీరాలి. ఈ లోపం వెల్స్‌కు తెలుసు. మిత్రుడు ఆర్నాల్డ్ బెనెట్‌కు రాసిన ఉత్తరంలో ఒప్పుకున్నాడు కూడా. ఇక గ్రిఫిన్ కష్టాలు – బట్టలు లేకపోతే చలి, మంచు పడితే ఆకారం బయటపడటం, తిన్నది అరిగేదాకా కనిపించడం, కుక్కలు వాసన పట్టడం – వీటిని పోగుచేసిన ఓపికలోనే ఆయన నేర్పు ఉంది. ఒక కథలో ఒక్క అసాధ్యాన్నే పాఠకుడి చేత ఒప్పించాలి, మిగతాదంతా పక్కింటి వ్యవహారంలా సాగాలి అన్నది ఆయన పెట్టుకున్న నియమం. ఇప్పటికీ ఈ తరహా కథలు రాసేవారికి ఇంతకంటే పనికొచ్చే సలహా దొరకదు.

‘ప్రపంచాల యుద్ధం’ 1897లో ‘పియర్సన్స్’ పత్రికలో ధారావాహికగా సాగి మరుసటి ఏడాది పుస్తకమైంది. బ్రిటిష్ సామ్రాజ్యం ఉచ్చస్థితిలో ఉంది, విక్టోరియా రాణి పాలనకు అరవై ఏళ్ల పండగలు జరుగుతున్నాయి. సరిగ్గా అప్పుడు ఆయన లండన్ మీదికి బ్రిటిష్ సైన్యం కంటే మెరుగైన ఆయుధాలున్న పరాయివాళ్లను దింపాడు. ఊహకు బీజం అన్న ఫ్రాంక్‌తో కలిసి నడుస్తున్నప్పుడు వచ్చిన మాట. టాస్మానియా ఆదివాసులు యూరోపియన్ల రాకతో ఎలా తుడిచిపెట్టుకుపోయారో మాట్లాడుకుంటూ, ఆకాశం నుంచి ఎవరైనా ఇక్కడ దిగితే మన గతేమిటని ఫ్రాంక్ అడిగాడట. నవల మొదటి అధ్యాయంలోనే టాస్మానియన్ల ప్రస్తావన ఉంది. మనం వాళ్లకు చేసిందే అంగారకులు మనకు చేస్తే ఫిర్యాదు చేసే హక్కు మనకుందా అని కథకుడు సూటిగా అడుగుతాడు. వలస పాలనలో బతికిన దేశాల పాఠకులకు ఈ నవల వేరేగా వినిపించడానికి కారణం ఇదే. మూడు కాళ్ల యుద్ధయంత్రాలు, వేడికిరణం, నల్ల పొగ – ఫిరంగులు వాటి ముందు నిలవలేదు. చివరికి అంగారకులను చంపింది సూక్ష్మజీవులు. భూమి మీద వాటితో లక్షల ఏళ్లు కలిసి బతికి, చచ్చి, తట్టుకునే శక్తి సంపాదించింది మనుషులు. వచ్చినవాళ్లకు ఆ శక్తి లేదు. హక్స్లీ శిష్యుడు కథను ముగించాల్సిన తీరు అదే.

‘చంద్రుడిలో తొలి మనుషులు’ (1901) నవలలో గురుత్వాకర్షణను అడ్డుకునే కేవరైట్ అనే పదార్థంతో గోళం ఎగురుతుంది. జూల్ వెర్న్‌కు ఇది నచ్చలేదు. తాను ఫిరంగిలో గుండులా మనుషుల్ని పంపాడు, ఫిరంగి అనేది నిజంగా ఉంది, ఈ లోహం ఎక్కడుందో చూపించమన్నాడు. నిజానికి వెర్న్ ఫిరంగి పేలితే లోపలి ప్రయాణికులు ఆ అదురుకే చనిపోతారు. ఇద్దరి దారులు వేరు. వెర్న్‌కు యంత్రం ముఖ్యం. వెల్స్‌కు యంత్రం తలుపు మాత్రమే, దాని అవతల కనిపించే సమాజం ముఖ్యం. చంద్రుడి లోపల చీమల పుట్టలాంటి సమాజంలో ప్రతి జీవినీ చిన్నప్పటి నుంచే ఒక పనికి తగ్గట్టు మలుస్తారు, కొందరిని చేతులు మాత్రమే పెరిగేలా పాత్రల్లో బిగించి పెంచుతారు, పని లేనివాళ్లకు మత్తిచ్చి పని వచ్చేదాకా పడుకోబెడతారు. తన కాలపు కార్మికులను పనిలోంచి తీసేసి వీధిన పడేయడం కంటే ఇదే నయమేమో అనిపించేలా రాసి, అంతలోనే పాఠకుడి ఒళ్లు జలదరింపజేస్తాడు.

చిన్న కథల్లో ‘గుడ్డివాళ్ల దేశం’ (1904), ‘గోడలో తలుపు’ (1906) ఆయన నవలలకు ఏమాత్రం తీసిపోవు.

అణుబాంబు అన్న మాట

వెల్స్ జోస్యాల జాబితాలు చాలా చోట్ల కనిపిస్తాయి. 1903 కథ ‘నేల మీది ఇనుప ఓడలు’ 1916లో యుద్ధరంగానికి వచ్చిన ట్యాంకులను, 1908 నవల ‘ఆకాశంలో యుద్ధం’ నగరాలపై బాంబుదాడులను ముందే చూపాయి. వాటన్నిటిలో ఒక్కదాని కథ మాత్రం వివరంగా చెప్పుకోవాలి.

రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ సాడీ 1909లో రేడియం గురించి సామాన్యులకు అర్థమయ్యేలా ఒక పుస్తకం రాశాడు. అణువు లోపల దాగిన శక్తి ఎంతటిదో అందులో చదివిన వెల్స్ ‘విముక్త ప్రపంచం’ (1914) నవల రాసి, దాన్ని సాడీ పుస్తకానికే అంకితమిచ్చాడు. విమానంలోంచి చేత్తో జారవిడిచే ‘అణుబాంబులు’ అందులో ఉన్నాయి. అవి ఒక్కసారిగా పేలి ఆగిపోవు, రోజుల తరబడి మండుతూనే ఉంటాయి. భౌతికశాస్త్రం పూర్తిగా సరిపోకపోయినా ఆ మాట అక్కడే పుట్టి ప్రచారంలోకి వచ్చింది. కృత్రిమ రేడియోధార్మికతను నవలలో 1933లో కనుక్కుంటారు. జోలియో-క్యూరీ దంపతులు నిజంగా కనుక్కున్నది 1934 మొదట్లో.

హంగరీకి చెందిన భౌతికశాస్త్రవేత్త లియో సిలార్డ్ ఈ నవలను 1932లో చదివాడు. మరుసటి ఏడాది నాజీల నుంచి తప్పించుకుని లండన్ చేరాక, సెప్టెంబరులో ఒక వీధి దాటుతుండగా న్యూట్రాన్లతో గొలుసు చర్య సాధ్యమన్న ఆలోచన తట్టింది. 1934లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. అది బయటికి పొక్కితే ఏమవుతుందో వెల్స్‌ను చదవడం వల్ల తనకు తెలుసునని, అందుకే రహస్యంగా ఉంచడానికి బ్రిటిష్ నౌకాదళ శాఖకు అప్పగించానని ఆయనే తరవాత చెప్పాడు. ఒక నవల ఒక శాస్త్రవేత్త మనసులో ఆవిష్కరణతో పాటు భయాన్ని కూడా నాటిన అరుదైన సందర్భమిది. హిరోషిమా, నాగసాకి వార్తలు వినేనాటికి వెల్స్ బతికే ఉన్నాడు.

లోకోద్ధారకుడు

1901 నాటికి ఆయన ధనవంతుడు. శాండ్‌గేట్ సముద్రతీరాన వాస్తుశిల్పి వాయ్‌సీ చేత ఇల్లు కట్టించుకున్నాడు. హెన్రీ జేమ్స్, జోసెఫ్ కాన్రాడ్ స్నేహితులు. కాన్రాడ్ ‘సీక్రెట్ ఏజెంట్’ నవలను ఈయనకే అంకితమిచ్చాడు. 1903లో సోషలిస్టుల సంఘమైన ఫేబియన్ సొసైటీలో చేరి, బెర్నార్డ్ షా, వెబ్ దంపతుల చేతుల్లోంచి దాన్ని లాక్కోవాలని చూసి, ఓడి, 1908లో బయటికొచ్చాడు. వైవాహిక జీవితం బయటి సంబంధాలతో నిండింది. ఏంబర్ రీవ్స్‌తో ఒక కూతురు, రచయిత్రి రెబెక్కా వెస్ట్‌తో ఒక కొడుకు కలిగారు. స్త్రీ స్వేచ్ఛ గురించి ‘ఆన్ వెరోనికా’ (1909) రాసిన మనిషి ఇంట్లో ఆ స్వేచ్ఛకు మూల్యం ఎక్కువగా చెల్లించింది జేన్. ఆమె 1927లో క్యాన్సర్‌తో మరణించింది.

ఆయన ఆలోచనల్లో చీకటి పేజీ కూడా ఉంది. 1901లో వచ్చిన ‘రాబోయే కాలం’ గురించిన వ్యాస సంపుటిలో, కొత్త ప్రపంచానికి తగరని తాను భావించిన జాతులు, బలహీనులు అంతరించక తప్పదని రాశాడు. టాస్మానియన్ల కోసం మూడేళ్ల కిందటే కలం పట్టిన చేయి ఇది రాయడం బాధ కలిగిస్తుంది. తరవాతి దశాబ్దాల్లో ఈ వైఖరి నుంచి దూరం జరిగి, జాతి ఆధిక్య భావాన్ని ఖండించాడు. కానీ రాసినది రాసినదే.

మొదటి ప్రపంచ యుద్ధం తరవాత, దేశాలవారీ చరిత్రలే దేశాల మధ్య వైరాన్ని పెంచుతున్నాయని నమ్మి మానవజాతి మొత్తానికి ఒకే చరిత్ర రాయబూనాడు. ‘చరిత్ర రూపురేఖలు’ 1919–20లో వచ్చి ఇరవై లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైంది. జైల్లో ఉండి కూతురు ఇందిరకు ప్రపంచ చరిత్రను ఉత్తరాలుగా రాసిన జవహర్‌లాల్ నెహ్రూ ఈ గ్రంథం మీద ఆధారపడినట్టు చెప్పుకున్నాడు. 1920లో లెనిన్‌ను, 1934లో స్టాలిన్‌నూ రూజ్‌వెల్ట్‌నూ కలిసి ప్రపంచ ప్రభుత్వం గురించి వాదించాడు. అంతర్జాతీయ రచయితల సంస్థ పెన్‌కు అధ్యక్షుడిగా ఉన్నప్పుడే నాజీలకు లొంగిన జర్మన్ శాఖ ఆ సంస్థకు దూరమైంది. ఆయన పుస్తకాలు బెర్లిన్‌లో మంటల్లో పడ్డాయి. బ్రిటన్‌ను ఆక్రమిస్తే వెంటనే పట్టుకోవలసినవారి నాజీ జాబితాలో ఆయన పేరుంది.

1940లో ‘మనిషి హక్కులు’ అనే చిన్న పుస్తకం వేసి, ఒక హక్కుల పత్రం కోసం ప్రచారం చేశాడు. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనకు దారితీసిన చర్చల్లో దీనికీ భాగముంది. ఆ ముసాయిదా మీద అభిప్రాయం కోరితే గాంధీజీ ఒప్పుకోలేదు. ముందు మనిషి విధుల పత్రం రాయమని, హక్కులు వాటి వెంటే వస్తాయని తంతి పంపాడు. చక్కెర వ్యాధిగ్రస్తుడైన వెల్స్, అదే వ్యాధి ఉన్న డాక్టర్ ఆర్.డి. లారెన్స్‌తో కలిసి 1934లో రోగుల సంఘాన్ని స్థాపించాడు. ఇప్పటి డయాబిటిస్ యూకే అదే. ఆయన ప్రపంచ ప్రణాళికలన్నిటిలోనూ అనుకున్నది అనుకున్నట్టు నిలబడింది ఇదే కావచ్చు.

చివరి రోజులు, మిగిలిన జాడ

రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్నా రీజెంట్స్ పార్క్ పక్కనున్న ఇల్లు వదల్లేదు. ‘ఆకాశంలో యుద్ధం’ కొత్త ముద్రణకు 1941లో రాసిన ముందుమాటలో, తాను ముందే చెప్పినా విననందుకు జనాన్ని తిట్టే వాక్యమే తన సమాధి మీద చెక్కాలని కోరుకున్నాడు. 1945లో వచ్చిన చివరి పుస్తకంలో మనిషి జాతికి దారి మూసుకుపోయిందనే తేల్చాడు. ఆ నిరాశ చాలామందిని ఆశ్చర్యపరిచింది. ‘టైమ్ మెషిన్’ చివరి అధ్యాయం గుర్తున్నవారికి అందులో వింత లేదు. సమాధి కట్టలేదు, చితాభస్మాన్ని డార్సెట్ తీరాన సముద్రంలో కలిపారు.

ప్రభావం గురించి చెప్పాలంటే, ఆయనతో విభేదించినవాళ్ల దగ్గరే అది బలంగా కనిపిస్తుంది. ఆయన గురువు మనవడు ఆల్డస్ హక్స్లీ ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ను వెల్స్ ఆదర్శలోకానికి వెక్కిరింపుగా మొదలుపెట్టాడు. రష్యాలో జమ్యాతిన్ ‘మేము’ నవల రాసింది వెల్స్‌ను కూలంకషంగా చదివాకే. జార్జ్ ఆర్వెల్ 1941లో రాసిన వ్యాసంలో, హిట్లర్ లాంటి ఉన్మాదాన్ని అర్థం చేసుకోలేనంత వివేకవంతుడని వెల్స్‌ను తప్పుపట్టాడు. అదే వ్యాసంలో తన తరం ఆలోచన మీద ఆయన రుణం ఎంతో ఒప్పుకున్నాడు. అమెరికాలో 1926లో ‘అమేజింగ్ స్టోరీస్’ మొదటి సంచికలోనే వెల్స్ కథ ఉంది. పదహారేళ్ల వయసులో ‘ప్రపంచాల యుద్ధం’ చదివిన రాబర్ట్ గొడార్డ్ తరవాత ద్రవ ఇంధన రాకెట్ ఎగరేశాడు, 1932లో ఆయనకు కృతజ్ఞతగా ఉత్తరం రాశాడు. 1938 అక్టోబర్ 30న అమెరికన్ నటుడు ఆర్సన్ వెల్స్ ఆ నవలను రేడియో వార్తల ధోరణిలో ప్రసారం చేస్తే కొందరు శ్రోతలు నిజమనుకున్నారు. దేశమంతా వీధుల్లోకి పరుగెత్తిందన్న కథనం మాత్రం పత్రికలు పెంచి రాసినదే.

తెలుగులో ఆయన జాడ సినిమాలో కనిపిస్తుంది. కాలేజీ రోజుల్లో ‘టైమ్ మెషిన్’ చదివిన సింగీతం శ్రీనివాసరావు 1991లో ‘ఆదిత్య 369’ తీశారు. వెల్స్ ప్రయాణికుడు ఒక్కసారి కూడా గతంలోకి వెళ్లడు, ఎప్పుడూ ముందుకే. తెలుగు కాలయంత్రం మొదట తిన్నగా శ్రీకృష్ణదేవరాయల ఆస్థానంలో దిగింది, ఆ తరవాతే 2504 వైపు చూసింది. ఎక్కడికి వెళ్లాలన్నది ఎక్కినవాళ్ల మనసును బట్టే ఉంటుంది మరి.

చంద్రుడి అవతలి వైపున్న ఒక బిలానికి వెల్స్ పేరు పెట్టారు. వోకింగ్ ఊరి నడిబొడ్డున 1998లో ఏడు మీటర్ల ఎత్తున ఒక అంగారక యుద్ధయంత్రాన్ని లోహంతో నిలబెట్టారు. నవలలో ఆయన తగలబెట్టిన వీధుల్లోనే అది మూడు కాళ్ల మీద నిలుచుని ఉంది. దాని చుట్టూ పరిచిన రాళ్ల మీద సూక్ష్మజీవుల బొమ్మలు చెక్కి ఉన్నాయి.